నూనె సీసా మీది మనిషి

మంచిర్యాల స్టేషన్ దగ్గరి ఫోటో స్టూడియోలో నన్ను ఒక ఎత్తుపీట మీద వెనక్కి తిప్పి కూర్చోబెట్టారు. జడ విప్పించి జుట్టంతా వీపు మీద పరిచారు. పీటకు నల్లగుడ్డ చుట్టారు. ఫోటో వచ్చాక చూస్తే జుట్టు ఎక్కడ ఆగిందో, గుడ్డ ఎక్కడ మొదలైందో తెలియలేదు. ముఖం మాత్రం కొంచెం పక్కకు తిప్పమన్నారు, మనిషిని గుర్తుపట్టేటట్టు.

తెలంగాణ ఆంధ్రతో కలిసి అప్పటికి కొన్నాళ్ళయింది. మా ఆయనకు ఇంటి ముందరి గదిలోనే కిరాణా దుకాణం. పల్లినూనె కాచి, ఎర్రరంగు, అత్తరు కలిపి, తలనూనె అని సీసాల్లో పోసి అమ్మడం మొదలుపెట్టాడు. ఆ సీసాల మీద అంటించడానికే నా ఫోటో. నేను ఆ నూనె ఎన్నడూ తలకు పెట్టుకోలేదు. నా జుట్టు మా అవ్వ పోలిక; మా వైపు అమ్మను అవ్వ అంటాం. పుట్టింట్లో ఉన్నప్పటి నుంచి ఆముదం రాసి, కుంకుడుకాయతో రుద్దుకునేదాన్ని, అంతే.

ప్రకటనను అప్పట్లో మా వైపు ఇస్తిహార్ అనేవారు. మా ఇస్తిహార్ రిక్షాకు మైకు కట్టుకుని ఊరంతా తిరిగింది. "నడుమును దాటె, మోకాలును దాటె! అమ్మలారా, అక్కలారా, నడుమును దాటె, మోకాలును దాటె!" అని మైకులో ఒకతను అరిచేవాడు. డేరా సినిమాలో బొమ్మ మొదలయ్యే ముందు తెర మీద నా వీపు కనబడేది. జనం ఈలలు వేసేవారు. ఒకసారి అత్తతో కలిసి సినిమాకు పోయి, ఆ ఈలలు విని, కొంగు నెత్తి మీదికి లాక్కుని కూర్చున్నాను. ఆ తర్వాత మళ్ళీ పోలేదు.

ఆ మాట ఊరికి అంటుకుంది. బావి దగ్గర పిల్లలు నా వెనక అదే అరుచుకుంటూ వచ్చేవారు. అంగట్లో కూరగాయలమ్మే ముసలామె నన్ను చూడగానే పొట్లకాయ ఎత్తిపట్టుకుని, "నడుమును దాటె, మోకాలును దాటె! కొంటవా బిడ్డా, నీ జడంత పొడుగున్నది" అనేది. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. నవ్వకపోతే ఇంకెక్కువ అంటారు.

బొగ్గుబాయి పనివాళ్ళ భార్యలు బెల్లంపల్లి నుంచి రైల్లో వచ్చి, నన్ను చూపించమని దుకాణం ముందు నిలబడేవారు. మా ఆయన లోపలికి కేకేసేవాడు. నేను వచ్చి జడ విప్పాలి.

"సవరమేమో సూడరాదే."

"ఇగో, గుంజిన. రాలే. సొంతందే."

ఆడది నట్టింట్లో జుట్టు విరబోసుకుంటే అరిష్టమని మా అవ్వ నన్ను చిన్నప్పుడు కొట్టింది. ఇక్కడ జడ వేసుకుంటే కోపం.

అంతకుముందు దువ్వెనకు వచ్చిన చిక్కు వెంట్రుకలు గోడ సందులో దాచేదాన్ని. పిన్నీసులామె వస్తే వాటిని తీసుకుని సూదులో, పిన్నీసులో ఇచ్చేది. అందరిళ్ళలోనూ అదే పద్ధతి. ఇప్పుడు మా అత్త వాటిని కొంగులో ముడేసుకుని పొయ్యిలో వేయసాగింది.

"ఎందుకత్తా, సూదులన్న వస్తయి గద?" అన్నాను.

"సూదులకు ఆశపడితే ఎట్లనే? గామె ఇంటింటికీ తిరుగుతది. సీసా మీదామెకు గూడ ఎంటికలు రాలుతున్నయని ఊరంత సెప్పదా?"

నా తల నుంచి వెంట్రుక రాలడం మా ఇంట్లో దాచవలసిన సంగతి అయింది.

పుట్టింటికి పోవడం కూడా తగ్గింది. మా బాపు జమ్మికుంటకు పత్తి బండి తోలుకుపోయినప్పుడు అక్కడి మార్కెట్ గోడ మీద నా బొమ్మ చూశాడట. ఆ తర్వాత మా ఇంటికి వచ్చిన రోజు ఆయన దుకాణం వైపు కన్నెత్తలేదు. పెరటి దారిన వచ్చి మంచినీళ్ళు తాగి, "మంచిగున్నవా బిడ్డా" అని వెళ్ళిపోయాడు.

నా బిడ్డకు మూడో ఏడు నడుస్తుండగా విడవని జ్వరం పట్టుకుంది. డాక్టరు మందిచ్చాడు. హకీము పొడి ఇచ్చాడు. పిల్ల కళ్ళు తెరవడం మానేసింది. మంచం పక్కన కూర్చుని, వేములవాడ రాజన్నకు మొక్కుకున్నాను. నా బిడ్డ లేచి తిరిగితే నీ కాడికొచ్చి నా ఎంటికలన్నీ ఇస్త, గుండు చేయించుకుంట అని. ఇవ్వడానికి నాదంటూ ఇంకేమీ లేదు.

పిల్ల లేచింది. మొక్కు సంగతి చెబితే మా ఆయన చేతిలోని తక్కెడ కింద పెట్టాడు.

"గుండా? మూడు కత్తెర్లిద్దాం. ఆడోళ్ళు మూడు కత్తెర్లిచ్చినా మొక్కు మొక్కే."

"నేను గుండే మొక్కిన."

"మొక్కేటప్పుడు నన్నడిగినవా?"

"జరం మిమ్ములనడిగి వచ్చిందా?"

కొంచెం మెత్తబడి, "జర ఓర్సుకో. గీ పెండ్లిళ్ళ సీజన్ పోనీ. నేనే తీస్కపోత, ఫికర్ చెయ్యకు" అన్నాడు. ఆ సీజన్ పోయింది. దసరా అమ్మకాలు కానీ అన్నాడు. అవీ అయ్యాయి. పిల్ల తుమ్మినా నాకు గుండె జారేది. అత్త ప్రతి సోమవారం దేవుని పటం ముందు దీపం పెట్టి, "ఇస్తది తండ్రీ, ఇస్తది" అని నా తరఫున వాయిదా అడిగేది.

శివరాత్రికి వేములవాడ పోతున్నామని ఆయన అన్నప్పుడు నాకు ప్రాణం లేచి వచ్చింది. బస్సు టాపు మీద నూనె పెట్టెలు ఎక్కిస్తుంటే అర్థమైంది. జాతరలో దుకాణం పెట్టడానికి పోతున్నాం.

గుడికి పోయే దారిలో గుడారం వేసి, నా బొమ్మ రాయించిన గుడ్డ కట్టి, దాని కింద నన్ను జుట్టు విప్పి కూర్చోబెట్టాడు. నా ముందు నుంచి గుండు కొట్టించుకున్న ఆడవాళ్ళు వరసగా వస్తున్నారు, తలకు పసుపు రాసుకుని, గుండం కోనేట్లో మునిగిన తడిచీరలతో. మా దగ్గర ఆగుతున్నారు. "అక్కా, గిది పెడితే నీ లెక్క వస్తయా?" అని అడుగుతున్నారు. వాళ్ళకంటే మంచి బేరం మాకు ఏ ఊళ్ళోనూ దొరకలేదు. వాళ్ళు ఇచ్చి వస్తున్నారు. నేను ఇవ్వాల్సింది వీపు మీద వేసుకుని, దేవుడి గడప ముందే కూర్చుని, ఒక్కొక్కరికీ తల ఊపుతున్నాను.

మధ్యాహ్నానికి పిల్ల ఒళ్ళు వెచ్చబడింది. ఎండకేమో. అత్త పిల్ల నొసటి మీద చెయ్యి పెట్టి తీసి, మళ్ళీ పెట్టింది. మా ఆయన బస్టాండులో ఉన్న మిగతా పెట్టెలు తేవడానికి పోయి ఉన్నాడు.

"దేవుడు అడుగుతుండే" అంది అత్త. "పో. వాడొచ్చే లోపల పో. సీసాలు నేను సూస్త."

చుట్టూ చూడకుండా కల్యాణకట్టకు పోయాను. మంగలాయన నా జుట్టు చేతిలోకి తీసుకుని, "అమ్మా, నువ్వు గా గుడ్డ మీదామెవే గద? మూడు కత్తెర్లేనా?" అన్నాడు.

"అన్నీ తీయన్నా" అన్నాను.

తల మీద గాలి తగిలినప్పుడు కలిగిన తేలికను నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మునిగి, దర్శనం చేసుకుని గుడారానికి వచ్చేసరికి మా ఆయన పెట్టెలతో నిలబడి ఉన్నాడు. "కొంప ముంచినవ్" అన్నాడు. ఇంకేదో అనబోయి ఆగాడు. అప్పటికే నలుగురైదుగురు ఆడవాళ్ళు ఆగి, పైన గుడ్డ మీది జుట్టును, కింద నా గుండును మార్చి మార్చి చూస్తున్నారు. ఆయన వాళ్ళ ముఖాలు చూశాడు. తర్వాత నా తల చూశాడు, చాలాసేపు. కోపం పోయింది. ఆ పోవడానికే నాకు భయం వేసింది.

తిరుగు ప్రయాణంలో కరీంనగర్‌లో బస్సు మారాలి. బస్సుకు టైముందని నన్ను బజారులోకి తీసుకుపోయాడు. చాయ తాగించడానికేమో అనుకున్నాను. ఒక స్టూడియో మెట్లు ఎక్కించాడు.

"కూసో. జర కొంగు తీయ్."

కొత్త కాగితంలో రెండు బొమ్మలు వచ్చాయి. ఎడమ వైపు గుండు, కుడి వైపు పాత జుట్టు. ముందు ఇట్లా ఉండేది, నూనె పెట్టాక అట్లా అయింది అని. కింద నాకు చదవరాని నాలుగు వరసల అక్షరాలు. సీసాలు ఇదివరకటి కంటే ఎక్కువ పోయాయి. నా జుట్టు మళ్ళీ మొలిచి మెడ దాకా, వీపు దాకా వస్తుంటే, ఆ పెరుగుదల కూడా దుకాణందే అయింది. చూడవచ్చినవాళ్ళు వేళ్ళతో కొలిచి పోయేవారు. నేను రాజన్నకు ఇచ్చింది రాజన్నకు చేరిందా, సీసా మీదే ఆగిపోయిందా అని అత్తను అడిగాను. అత్త ఇంకో సీసా తీసి తుడిచింది.

నా బిడ్డ బడికి పోయి, కూడబలుక్కుని చదవడం నేర్చింది. ఒక రోజు సీసా తెచ్చుకుని నా పక్కన కూర్చుని వేలు పెట్టి చదివింది. "నాకు... విష... జ్వరము... వచ్చి... తల... వెంట్రుకలన్నియు... రాలిపోయినవి." ఆగి, నా వైపు చూసింది.

"అవ్వా, నీకు జరమొచ్చిందా?"

ఆ కాగితం మీద నా నోట ఆ మాటలు పెట్టారని నాకు అప్పుడే తెలిసింది.

"నాకు కాదు బిడ్డా, నీకొచ్చింది. నా ఎంటికలు రాలలే. నువ్వు బతికితే ఇస్తనని దేవునికి మొక్కి ఇచ్చిన."

పిల్ల సీసాను మళ్ళీ చూసింది.

"మరి గిట్ల రాసున్నది గద?"

"తప్పు రాసిన్రు."

"అచ్చుల తప్పెట్ల రాస్తరవ్వా? బాపమ్మ గూడ గట్లనే చెప్తది, దుకాణంకొచ్చినోళ్ళకు."

ఆ పూటే చెవి పెట్టి విన్నాను. పిల్ల అన్నది నిజమే. అత్త కూడా అదే చెబుతున్నది. నా బిడ్డను నేను దేన్నిచ్చి నిలుపుకున్నానో, ఆ సంగతి మీద నా బిడ్డకే నమ్మకం లేదు.

ఆ రోజే పిల్లను అక్షరాలు నేర్పమన్నాను. ఆమె బడి నుంచి వచ్చాక పలక పట్టుకుని కూర్చునేదాన్ని. నేను తప్పు రాస్తే నా చేతి మీద చిన్నగా కొట్టేది, వాళ్ళ సారు లాగే. వానాకాలం పోయి చలి మొదలైనాక, ఎవరూ చెప్పకుండా నేను సొంతంగా ఒక వరస రాశాను. జ్వరం నా బిడ్డకు వచ్చింది, జుట్టు నేనే ఇచ్చాను.

పిల్ల దాన్ని గట్టిగా చదివింది. అక్షరాలన్నీ సరిగ్గా ఉన్నాయంది. "నువ్వే రాసినవా అవ్వా?" అని మెచ్చుకుంది. తర్వాత పలక మీద ఉమ్మి, చేత్తో తుడిచి, లెక్కలు వేసుకోవడం మొదలుపెట్టింది.

ముందర దుకాణంలో అత్త ఎవరికో నాకొచ్చిన జ్వరం సంగతి చెబుతున్నది.