అవ్వ తిండీ నా తిండీ ఒకటేనని రాసుకుని పులివెందుల పోయిన రోజు

అప్పటికి నాకు ఐదు నెలలుగా నెలసరి రాలేదు. ఈ ప్రయాణం అందుకే మొదలైంది, కానీ ఇంట్లో చెప్పిన కారణం మాత్రం అవ్వ మోకాళ్ళ నొప్పి. నా పేరు చెప్పను, కాలేజీ పేరు చెప్పను. మాది ప్రొద్దుటూరు, ఇంటర్ రెండో సంవత్సరం, అంతవరకు చాలు. నాలాగే దుప్పటి కింద ఫోన్ పెట్టుకుని వెతుక్కుంటూ భయపడే అమ్మాయిలు ఎవరైనా ఈ దారిలో పోవాలనుకుంటే పనికొస్తుందని రాస్తున్నాను.

పులివెందులలో ఒక డాక్టరమ్మ ఉన్నారు. మాత్ర రాసే ముందు కడుపు, నిద్ర, తిండి, హార్మోన్లు అన్నీ కలిపి అడుగుతారు. దాన్ని ఫంక్షనల్ మెడిసిన్ అంటారని నాకు వీడియోల వల్ల ముందే తెలుసు. నా కష్టమంతా ఆ వీడియోలతోనే మొదలైంది. ముఖం నిండా మొటిమలు వచ్చినప్పుడు, కడుపు శుభ్రమైతే హార్మోన్లు సర్దుకుంటాయని ఒకామె చెప్పింది. ముందు దోసె మానేశాను, తర్వాత పెరుగు, తర్వాత అన్నం. కడుపు శుభ్రం చేస్తుందని ఆన్‌లైన్‌లో ఒక పొడి తెప్పించుకుని నీళ్ళలో కలుపుకుని తాగేదాన్ని. అమ్మ కట్టిచ్చే బాక్సు హాస్టల్ పిల్లలు తినేవాళ్ళు. నెలసరి ఆగిపోయాక అమ్మకు చెప్పడానికి నోరు రాలేదు. మా వైపు పెళ్ళికాని పిల్లకు నెల తప్పిందంటే అందరూ అడిగే ప్రశ్న ఒకటే ఉంటుంది.

జమ్మలమడుగులో అవ్వతో పాటు ఉండే మా మామ, అంటే అమ్మ తమ్ముడు, అవ్వను ఈ డాక్టరమ్మకు చూపించాలన్నాడు. అమ్మ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది, పెళ్ళిళ్ళ కాలం, కదిలే వీలు లేదు. "నీకు ఇంగ్లీషొచ్చు కదా, అవ్వను నువ్వు పిల్చుకపో" అంది. నేను ఫోన్‌లో ఒక టోకెన్ బదులు రెండు తీసుకున్నాను. ఒక్కోటి ఐదు వందలు. నాదానికి నేను దాచుకున్న డబ్బు కట్టాను.

ఆ క్లినిక్ పద్ధతి ఏమిటంటే, ఏడు రోజుల ముందే వాట్సాప్‌లో ఒక ఫారం పంపుతారు. పొద్దున లేచినప్పటి నుంచి నోట్లోకి పోయినదంతా రాయాలి. అవ్వకు రాయడం రాదు కాబట్టి రోజూ సాయంత్రం నేనే ఫోన్ చేసి అడిగేదాన్ని. అవ్వ మెల్లగా చెప్పేది: పొద్దున సంగటి, శనక్కాయల ఊరిబిండి పచ్చడి. మధ్యాన్నం కొర్రబువ్వ, పప్పు, ఇంత నెయ్యి. రాత్రి రెండు జొన్నరొట్టెలు. మంగళవారం అలసంద గుగ్గిళ్ళు. నేను రాస్తూ రాస్తూ ఆగిపోయేదాన్ని. ఐదో తరగతి దాకా సెలవులన్నీ నాకు ఆ ఇంట్లోనే గడిచాయి. అవ్వ సంగటి ముద్దకు బొటనవేలితో గుంత చేసి, అందులో నెయ్యి పోసి, నెయ్యి కారిపోయే లోపల తినాలని పందెం పెట్టేది. మోచేతుల దాకా నెయ్యి. తిన్నాక లావైపోతానేమో అన్న ఆలోచన ఆ పిల్లకు ఒక్కసారి కూడా రాలేదు. ఆ పిల్ల నేనేనా అనిపించేది.

నా ఫారంలో రాయడానికి నా దగ్గర ఏమీ లేదు. పొడి, రెండు ఖర్జూరాలు, అర ఆపిల్ అని రాస్తే పట్టుబడతాను. అందుకే అవ్వ చెప్పిన తిండే నా పేరు కింద కూడా దించేశాను. రొట్టెలు రెండున్న చోట ఒకటి చేశాను, అంతే.

శనివారం పొద్దున ఆరుంబావుకు ప్రొద్దుటూరులో బస్సెక్కాను. జమ్మలమడుగుకు ముప్పావు గంట. రక్తం ఇవ్వాలి కాబట్టి పరగడుపున రమ్మన్నారు. నాకది కష్టమేమీ కాదు. జమ్మలమడుగు బస్టాండులో బొరుగుల ఉగ్గాని, బజ్జీ వాసన తగలగానే, చిన్నప్పుడు పేపర్లో కట్టించుకుని వేళ్ళు కాల్చుకుంటూ తిన్నది గుర్తొచ్చింది. అవ్వ గుడ్డసంచి పట్టుకుని ముందే వచ్చి కూర్చుని ఉంది. నన్ను చూసి, "ఏం మే, ఇట్ల ఎండిపోతివి?" అంది. పరీక్షలని చెప్పి తప్పించుకున్నాను.

ముద్దనూరు మీదుగా పులివెందుల పోయే బస్సు ఏడున్నరకు దొరికింది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఇప్పుడు ఆడవాళ్ళకు టికెట్ డబ్బులు లేవు, ఆధార్ చూపిస్తే చాలు. కండక్టర్ అవ్వ కార్డు చూసి, "ఈ ఫోటోలో ఎవరవ్వా, నీ కూతురా?" అన్నాడు.

"నేనే నాయనా. నీ కండ్లకు ఏమొచ్చె?"

"శానా పడుచుగా ఉంటివి కదవ్వా అప్పుడు!"

"ఇప్పుడు మాత్రం ఏం తక్కువ? మోకాళ్ళొకటి మొరాయిస్తాండాయి, లేకుంటే నీ బస్సుకంటే ముందు పోతా."

బస్సంతా నవ్వింది. పెన్నా వంతెన దాటాక నిద్రొచ్చింది. ముద్దనూరులో బస్సు పది నిమిషాలు ఆగింది. కళ్ళు తెరిచేసరికి పక్కన అవ్వ లేదు. కింద టీ బంకు దగ్గర నిలబడి, సంచిలోంచి బన్ను తీసి టీలో ముంచుకుంటోంది.

"పరగడుపున పోవాలని చెప్పినా కదవ్వా!"

"టీ తిండి యాడైతాదిలే" అని మూతి తుడుచుకుంది.

అక్కడి నుంచి పులివెందులకు గంట. చీనీ, అంటే బత్తాయి తోటలు, అరటి తోటలు మొదలైతే దగ్గరికి వచ్చామని గుర్తు. తొమ్మిదిన్నరకు దిగాం. బస్టాండు నుంచి క్లినిక్కుకు ఆటోకు మనిషికి ఇరవై.

మా ఇద్దరి టోకెన్లూ వరసగా ఉన్నాయి. నర్సు బరువు, బీపీ చూసి ఇద్దరినీ ఒకేసారి లోపలికి పంపేసింది. అవ్వను బయట కూర్చోబెట్టి నేను విడిగా పోవాలనుకున్నాను, కానీ అవ్వ అప్పటికే కుర్చీలో కూర్చుంది. "నీక్కూడా రాయించినావా? మంచిపనే, ఎండిపోయినావు" అంది.

డాక్టరమ్మకు యాభై ఏళ్ళుంటాయి. రెండు ఫారాలూ పక్కపక్కన పెట్టుకుని శానాసేపు చూశారు.

"మీరిద్దరూ ఒకే ఇంట్లో ఉంటారా పాపా?"

"లేదు మేడం. అవ్వ జమ్మలమడుగు, నేను ప్రొద్దుటూరు."

"మరి మంగళవారం ఇద్దరికీ అలసంద గుగ్గిళ్ళు. శనివారం ఇద్దరికీ ఒక్కపొద్దు. ఇంటర్ చదివే పిల్లవు, నువ్వు కూడా శనివారం ఒక్కపొద్దు ఉంటాండావా?"

ఆ ఒక్కపొద్దు సంగతి నేను చూసుకోలేదు. నన్ను ఇంకేదో అడుగుతారనుకుంటే, ఆమె అవ్వ వైపు తిరిగారు.

"అమ్మా, రోజూ రాత్రి జొన్నరొట్టె తింటావా?"

"ఆ, రెండు తింటా."

"యాదీ, నోరు తెరువు."

అవ్వ కొంగు అడ్డం పెట్టుకుంది. "నేను మోకాళ్ళకు వచ్చినా తల్లీ, నోటికి రాలే."

"మోకాళ్ళు కూడా నోటితోనే బతికేది. తెరువుమ్మా."

తెరిచింది. రెండు పక్కలా దవడపండ్లు లేవు. ముందు పన్ను ఒకటి కదులుతోంది.

"ఈ పండ్లతో జొన్నరొట్టె ఎట్ల నములుతాండావు? నిజం చెప్పు, ఏం తింటాండావు?"

అవ్వ మళ్ళీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత, "టీ. టీలో బన్ను. రాత్రికి ఇంత మజ్జిగ. పండ్లు నొస్తాండాయంటే కొడుకు పీకిస్తాడని చెప్పలే" అంది.

"మరి ఈ రాసిందంతా ఏంది?"

"పాప ఫోన్ చేసి ఏం తింటివవ్వా అని ఆశగా అడుగుతాంటే, బన్ను అని ఎట్ల చెప్పేది? ఇది చిన్నప్పుడు వచ్చినప్పుడు నేను చేసి పెట్టినవే చెప్పినా. చెప్తాంటే నాకే కడుపు నిండినట్ల ఉన్నింది."

నేను దొంగగా చూసి దించుకున్న అసలు కూడా అబద్ధమే. ఏడు రోజులు ఇద్దరం ఫోన్లో నా చిన్నప్పటి తిండే తిన్నాం.

డాక్టరమ్మ ఈసారి నన్ను చూశారు. అవ్వకు అర్థం కాకూడదని ఇంగ్లీషులో మొదలుపెట్టాను. కానీ 'పీరియడ్స్' అన్న మాట అవ్వకు తెలుసు. చటుక్కున నా వైపు తిరిగింది.

"ఎన్నాళ్ళాయ?"

"ఐదు నెలలు."

"ఎవుడన్నా ఉన్నాడా?"

"లేడవ్వా. ఎవరూ లేరు."

"సరే."

అంతే. ఐదు నెలలు నేను నిద్ర పోకుండా భయపడిన ప్రశ్న. రెండోసారి అడగలేదు, నమ్మేసింది. నాకప్పుడు ఏడుపొచ్చింది. దోసె నుంచి పొడి దాకా అన్నీ తెలుగులోనే చెప్పేశాను.

"ఇంట్లో గింజలు తక్కువైతే ముందు ఏం ఆపుతాం? పండగలు, చుట్టాలు" అన్నారు డాక్టరమ్మ. "ఒళ్ళు కూడా అంతే. గుండె ఆపలేదు, ఊపిరి ఆపలేదు. నెలసరి ఆపుతాది. నీది అదే అనుకుంటాండా, కానీ రక్తం రిపోర్టు రాకముందు ఖాయంగా చెప్పను. ఆ పొడి మాత్రం ఈరోజే పారెయ్. పెరుగు, పప్పు, అన్నం, కావాలంటే దోసె, మూడు పూటలా తిను. మొటిమలకు వేరే దారి చూద్దాం." తర్వాత అవ్వతో, "వయసును ఆపలేం గానీ, నువ్వు బన్నుతో దాన్ని తొందర చేస్తాండావు. పండ్లు కట్టించుకో. అంతవరకు గుడ్డు, మెత్తటి పప్పు, రాగిజావ. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చో, రోజూ పదిసార్లు. తొడల్లో బలముంటే మోకాళ్ళకు బరువు తగ్గుతాది."

నా రక్తపరీక్షలకు పన్నెండు వందలైంది. అవ్వ టీ తాగింది కాబట్టి ఆమె షుగర్ పరీక్ష ఇంకో రోజుకు పోయింది. ఒంటిగంటకు బస్టాండు దగ్గర మెస్సులో భోజనం, వంద రూపాయలు. ఇస్తరాకులో అన్నం చూస్తే నాకు భయమేసింది. ఇది నిజం, దాచను. వండే ఆమె వచ్చి, "ఏం పాపా, బాగలేదా కూర?" అంది. అవ్వ తన అన్నం పప్పుతో మెత్తగా పిసుక్కుంటూ, "బాగుందిలేమ్మా, మేమిద్దరం శానా దినాలకు తింటాండాం, నిదానంగా తింటాం" అంది. సగం తిన్నాను.

తిరుగు బస్సులో జమ్మలమడుగు వచ్చే ముందు అవ్వ అంది: "మీయమ్మకు నేను చెప్పను. నువ్వే చెప్పు. పండ్ల సంగతి మీ మామకు నేను చెప్పుకుంటా."

ప్రొద్దుటూరు చేరేసరికి ఆరైంది. అమ్మ జాకెట్ కుడుతోంది. ఎదురుగా నేల మీద కూర్చుని చెప్పాను. మిషన్ ఆగింది. "నా కండ్ల ముందరే కదే ఉన్నావు, నాకెట్ల తెలీలే?" అంది. నన్ను తిట్టలేదు, తననే తిట్టుకుంది. నేను భయపడనిది అదొక్కటే, అన్నిటికంటే కష్టంగా ఉన్నదీ అదే.

రెండు నెలలు దాటింది. థైరాయిడ్ బాగుంది, రక్తం తక్కువ. నెలసరి ఇంకా రాలేదు. ఇంకో నెల చూసి స్త్రీల డాక్టర్‌కు చూపించాలన్నారు. భయం పోలేదు. అన్నం ముందు కూర్చుంటే ఇప్పటికీ లెక్కలు వేస్తాను. ఆ నెయ్యి పందెం ఆడిన పిల్ల మళ్ళీ వస్తుందో రాదో తెలీదు. కానీ ఇన్నాళ్ళూ ఆ పిల్లను తలుచుకుని కడుపు నింపుకోవాలని చూశాను. అవ్వ కూడా అదే చేసింది. జ్ఞాపకం ఎంత రుచిగా ఉన్నా అది బలం ఇవ్వదు, అది మా ఇద్దరికీ తెలిసొచ్చింది.

పోయేవాళ్ళకు ఒక్క మాట. పెద్దవాళ్ళతో పోయినా సరే, డాక్టర్‌తో ఐదు నిమిషాలు ఒంటరిగా మాట్లాడాలని టోకెన్ ఇచ్చే చోటే అడగండి. అడగొచ్చని నాకు తెలీదు. నాకు మా అవ్వ దొరికింది కాబట్టి సరిపోయింది.