గోడ గడియారంలోని సెల్లు

పాడైన సామాను పారేయడం మా ఆయనకు చేతకాదు. హోసూరులో ఫ్యాక్టరీ ఉద్యోగం. ఇంటికొస్తే టేబుల్ నిండా తీగలు, పాత చార్జర్లు. వాటి ముందు కూర్చున్నాడంటే అన్నం చల్లారిపోయినా లేవడు. నాకు ఒళ్లు మండేది. వేప్పనపల్లి దగ్గర మా అవ్వ ఇంట్లో ఆ ఒక్క మధ్యాహ్నం చూశాకే ఆ మంట చల్లారింది.

ఆ రోజు మేమిద్దరం అక్కడ ఉండగా కుప్పం వైపు పల్లె నుంచి చిన్నవ్వ వచ్చింది. అవ్వకు సొంత చెల్లెలు. వాళ్లమ్మ పోయినప్పుడు కబురు ఆలస్యంగా అందిందని, కడసారి ముఖం చూడకుండా చేశారని అలిగి, ఏళ్ల తరబడి ఈ గడప తొక్కలేదు. ఇప్పుడు తనంతట తానే వచ్చి, అక్క పక్కన కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. ఇద్దరూ వానల గురించి, దూడల గురించి తప్ప మరో మాట ఎత్తలేదు. చివరికి చిన్నవ్వ నా వైపు తిరిగింది.

“అమ్మా, నీ తావ ఫోటోలు తీసే మిషను ఉందంటనే. మా అక్కది ఒకటి తియ్యి. ఈమె మొకమంతా మా యమ్మ మొకమే. ఆ పొద్దు చూసుకోలేకపోతిని. సాయంత్రం బస్సుకు పోవాల, ఆలోగా చూపించు.”

ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని జన్మలో కెమెరా ముందు నిలబడని అవ్వ, కొంగు సర్దుకుంది.

ఆ డిజిటల్ కెమెరా కిందటి ఏడాది నేను అక్కడే మరిచిపోయి వెళ్లాను. అవ్వ దాన్ని సెల్లులతో సహా పట్టుచీర మడతల్లో చుట్టి ట్రంకుపెట్టెలో భద్రం చేసింది. మీట నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు.

“టార్చి సెల్లులకు చేసినట్ల ఎండలో పెట్టమ్మా, తేరుకుంటాయి,” అంది అవ్వ.

మా ఊళ్లలో అందరికీ తెలిసిన వైద్యం అదే. మిరపకాయల పక్కనే రెండు సెల్లులనూ ఎండబెట్టాను. చెయ్యి చురుక్కుమనేంత వేడెక్కాయి గాని ప్రాణం రాలేదు. చార్జర్‌లో పెడితే ఎర్రలైటు టపటపా కొట్టుకుని ఆరిపోయింది.

అప్పుడు నోరు విప్పాడు మా ఆయన. “ఇవి చార్జి చేసుకునే సెల్లులు. ఎండ వీటికి ఇంకా చెరుపు. ఏడాదిగా పెట్టెలో పడి బొత్తిగా అడుగంటిపోయినాయి. అంత దిగిపోతే చార్జరు ఇది సెల్లే కాదనుకుంటుంది, కరెంటు ఇయ్యదు. బాగుండే సెల్లు ఒకటి ఉంటే చూస్తాము.”

లేచి గోడ గడియారం దించాడు. కిందటి నెల అందులో తనే ఇదే రకం సెల్లు వేశాడట. దాన్ని తీయగానే ముల్లు ఆగిపోయింది. మంచి సెల్లునూ చచ్చిన సెల్లునూ పక్కపక్కన పడుకోబెట్టి, తలకు తల, అడుగుకు అడుగు, రెండు తీగముక్కలతో కలిపి వేళ్లతో అదిమి పట్టుకున్నాడు. కాసేపయ్యాక రెండోదానికీ అలాగే చేశాడు. మళ్లీ చార్జర్‌లో పెట్టాడు.

ఎర్రలైటు కొట్టుకోలేదు. నిలకడగా వెలిగింది.

బాగున్నది తనలోది కాస్త రెండోదానికి ఇచ్చింది, అంతే. ఆయన చెబితే అర్థమైంది కూడా. అయినా నా ఆశ్చర్యం ఈనాటికీ తగ్గలేదు. చప్పుడు లేదు, పొగ లేదు. పోయిందనుకున్నది మా కళ్ల ముందే తిరిగొచ్చింది. కరెంటు పోకుండా చూడమని దేవుళ్లందరికీ మొక్కుకుంటూ ఆ లైటు ముందే కూర్చున్నాను.

నీడలు వాకిలి దాటాక కెమెరా కళ్లు తెరిచింది. అవ్వ గడప మీద కూర్చుంది. నొక్కి, చిన్నవ్వ చేతికిచ్చాను. అగ్గిపెట్టెంత బొమ్మను ఆమె ముఖానికి దగ్గరగా పెట్టుకుంది.

“మా యమ్మే,” అంది.

అవ్వ ఆమె చెయ్యి పట్టుకుంది. “నువ్వు వచ్చేదాకా అమ్మను ఎత్తకుండా నిలపాల్సింది, చెల్లీ. ఎవురూ నా మాట వినలేదు.”

అంతలో రోడ్డు మీద బస్సు హారను వినిపించింది. గడియారం ఇంకా బల్ల మీదే బోర్లా పడి ఉంది. టైము ఎవరమూ చూసుకోలేదు. నేను కంగారుగా లేచాను. చిన్నవ్వ కదల్లేదు.

“పోనీలేమ్మా దాన్ని,” అని అక్క వైపు తిరిగింది. “అక్కా, అమ్మకు కడాకు ఏ చీర కట్టి పంపినారు?”

“నీ పెండ్లిలో కట్టుకున్నిందే,” అంది అవ్వ.