వదిన దించిన వేగం

మా వదిన ఉక్కునగరం క్వార్టర్లో పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసేది. కంప్యూటర్‌ విడిభాగాలు తెచ్చుకుని తనే బిగించుకుంది. పని తొందరగా తెమలాలని, కంపెనీ పెట్టినదానికంటే ప్రాసెసర్ వేగం పెంచింది. వచ్చినవాళ్లందరికీ ఆ సంగతి గొప్పగా చెప్పేది.

ఆ వేసవిలో ఒక పెళ్లి వీడియో సీడీకి తయారుచేస్తుంటే కంప్యూటర్ బిగుసుకుపోయింది. మళ్లీ మొదలుపెడితే ఇంకోచోట ఆగింది. పెళ్లికూతురి తండ్రి జాలరి. బోటు పనికి ఆ సాయంత్రమే గుజరాత్ వెళ్లిపోతున్నాడు. వీడియో చూసి వెళ్దామని మా హాల్లో కూర్చున్నాడు.

"ర్యామ్, లోపలి ఫ్యాను రెండూ మార్చేద్దాం వదినా" అన్నాను.

"ఒక్కటే మార్సు. రెండూ మార్సేత్తే తప్పు దేందో ఎలా తెలుత్తాది?" అంది. ఆమె పద్ధతే అంత. కూరలో ఉప్పు వేసి, రుచి చూశాకే కారం వేసేది.

ర్యామ్ మార్చినా ఆగింది. పాత ర్యామే మళ్లీ పెట్టి, పెద్ద ఫ్యాను బిగించినా ఆగింది. ఇక మిగిలింది అదేనని వదిన ప్రాసెసర్ వేగాన్ని మామూలుకు దించేసింది.

"అంత కష్టపడి పెంచావు కదా?"

"పెంచిందీ నానే, దించేదీ నానే. ఆయన ఎదురుసూత్తన్నాడు."

పని నెమ్మదిగా సాగింది గానీ ఎక్కడా ఆగలేదు. సీడీ తయారవగానే టీవీలో వేశాం. అప్పగింతలు రాగానే ఆయన కుర్చీ దిగి టీవీ ముందు నేలమీద కూర్చున్నాడు.

"పిల్ల ఏడుత్తన్న కాడ ఇంకోపాలి ఎయ్యి తల్లీ. ఆ రోజు సూడలేక మొకం తిప్పేసుకున్నాను."

వదిన వెనక్కి తిప్పి వేసింది. నేను ఆయనకు ఆటో పిలవడానికి లేచాను. ఇంకాసేపు ఆగమన్నట్టు ఆమె నా చెయ్యి పట్టుకుంది.