చుక్కలాయన అద్దెకు తీసుకున్న అరగంట

ఆ వీధిలో అచ్చు దుకాణం ఎక్కడని అడిగితే తడుముకునేవారు ఉన్నారు గాని, చుక్కలాయన ఎక్కడుంటాడని అడిగితే చంటిపిల్లలు సైతం వేలెత్తి చూపేవారు. సీసపు అక్షరాలను అరల్లోంచి ఒక్కొక్కటిగా ఏరి, వరుసలుగా పేర్చి, పుటలుగా బిగించి అచ్చు వేయడం నలభై నాలుగేళ్లుగా ఆయన వృత్తి. పని కట్టిపెట్టాక మేడెక్కి, చేతి దుర్భిణితో ఒకే ఒక్క నక్షత్రాన్ని చూసి, దాని ఆనాటి వెలుగెంతో పుస్తకంలో రాసుకోవడం ఆయన నియమం.

ఆ నక్షత్రం స్వభావం విచిత్రమైనది. ఏళ్ల తరబడి నిండుగా, నిలకడగా వెలుగుతుంది. ఉన్నట్టుండి, తన పొగలో తానే మునిగినట్టు, కొన్ని వారాలు మసకబారి మళ్లీ మెల్లగా తేరుకుంటుంది. ఆ గ్రహపాటు ఎప్పుడు దాపురిస్తుందో ఎవరూ ముందుగా చెప్పలేరు గనుక, ఎవరో ఒకరు కనిపెట్టుకొని ఉండాలి. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆ కాపలా దైవం తనకు అప్పగించిన పనిగా ఆయన భావించాడు. దాని పాదాల చెంత నాలుగు సన్నని చుక్కలు కామా ఆకారంలో ఉండేవి. ఎంత పెద్ద చుక్కల గుంపులోనైనా ఆ కామాను బట్టే ఆయన తన నక్షత్రాన్ని పోల్చుకునేవాడు. రాసుకున్న అంకెలను పరిశీలకుల సంఘానికి పంపేవాడు. వాటిలో తప్పుందని ఇంతవరకు ఎవరూ వేలెత్తి చూపలేదు.

పదకొండు రోజుల కిందట వానమబ్బులు కాసేపు తెరపినిచ్చాయి. ఆ తెరపిలో చూస్తే నక్షత్రం మసకబారి కనబడింది. ఆ వెలుగెంతో పుస్తకంలో రాసుకున్నాడు. అప్పటికప్పుడు సంఘానికి రాశాడు. మర్నాడు సంఘం కార్యదర్శిని నుంచి జవాబు వచ్చింది. ఆవిడ ఎంతో మర్యాదస్తురాలు. ఆ వారం మరెవరికీ ఆకాశం కనబడలేదనీ, కంటిలో శుక్లం పెరుగుతోందని ఆయనే నిరుడు రాసి ఉన్నారనీ, అందువల్ల ప్రస్తుతానికి ఆ అంకె పక్కన ప్రశ్నార్థకం పెట్టి ఉంచామనీ, అన్యథా భావించవద్దనీ ఆ ఉత్తరం సారాంశం.

ప్రశ్నార్థకమంటే అంతవరకు ఆయనకు ఒక అరలో పడి ఉండే సీసపు ముక్క. ఆ రోజు నుంచి అది ముల్లై గుండెలో దిగబడింది. ఈ అంకె తప్పయితే మొన్న రాసినవి మాత్రం ఒప్పని నమ్మకమేమిటి? నిరుడు రాసినవి? శుక్లం ఏ పూట మొదలైందో ఎవరు చెప్పగలరు? శస్త్రచికిత్స చేయించుకోమని కంటి వైద్యుడు రెండేళ్లుగా పోరుతూనే ఉన్నాడు. కంటిలో కొత్త అద్దం పెట్టాక పాత కొలతకూ కొత్త కొలతకూ పొత్తు కుదరదన్న భయంతో ఈయన దాటవేస్తూ వచ్చాడు. ఇప్పుడు పాత కొలతే అబద్ధమేమోనన్న భయం పట్టుకుంది. అన్నం సయించడం మానేసింది. ముప్ఫై ఏళ్లు మీరు దానికేసి చూశారు, అది ఒక్కసారైనా మీకేసి చూసిందా అని నిత్యం దెప్పే ఇల్లాలు ఈసారి పల్లెత్తు మాట అనలేదు. ఆ మౌనానికి ఆయన మరింత బెదిరాడు.

దారి చూపింది కోడలు. ఆమె ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. భూమికి అవతలి వైపు, కొండ మీద ఒక పెద్ద వేధశాల ఉందనీ, అక్కడి దుర్భిణులను అరగంట చొప్పున బయటివాళ్లకు అద్దెకిస్తారనీ, ఎక్కడ చూడాలో ముందుగా రాసి పంపితే అవి అటే తిరిగి ఫొటో తీసి కంప్యూటర్లోకి పంపుతాయనీ వివరించి, "వాళ్లకు రాత్రయినప్పుడు మనకు పగలే మామయ్యా. మీకు మేడెక్కే పని కూడా లేదు" అంది.

ఆయన పెదవి విరిచాడు. "అద్దె కంటితో చూస్తే నేను చూసినట్టవుతుందా అమ్మా?"

వంటగదిలోంచి ఇల్లాలు అందుకుంది. "అద్దె ఇంట్లో పుట్టిన కొడుకు మన కొడుకు కాకుండా పోయాడా ఏమిటి?"

చుక్కలాయన లేచి చుక్కల పటం తెచ్చాడు. కోడలు ఆ పూటే అరగంట ఖాయం చేసింది.

దుర్భిణిని సరిగ్గా ఎక్కడికి గురిపెట్టాలన్న ప్రశ్న వచ్చింది. తన నక్షత్రం ఒక్కటే కనబడితే చాలదు. ఎన్నడూ మారని మరో నక్షత్రం పక్కన ఉంటేనే దాన్ని బట్టి వెలుగు కట్టడం సాధ్యం. మామూలు రోజుల్లో ఆ పోలిక చుక్క కంటే ఈయన చుక్కే ప్రకాశవంతం. పుట కూర్చేటప్పుడు రెండు వైపులా అంచు సమానంగా వదలనిదే ఆయనకు మనసొప్పదు. అందుకని రెండు చుక్కల మధ్య దూరాన్ని పటం మీద దారంతో కొలిచి, నట్టనడిమి బిందువుకు గురిపెట్టమని రాయించాడు. తన నక్షత్రం పై కుడి మూలకు, పోలిక చుక్క కింది ఎడమ మూలకు, వెంట్రుకవాసి తేడా లేకుండా అమరాలన్నమాట. ఆ చక్కటి అమరికే కొంప ముంచబోతోందని అప్పుడాయనకు తెలియదు.

చెప్పిన రోజు ఉదయం పదింటికి దుకాణం తలుపు సగం దించారు. పుటలు బిగించే నున్నటి రాతి బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టి, పక్కన పటం పరిచారు. సిరా వాసన, కిరసనాయిలు వాసన కలిసిన ఆ గదిలో ముగ్గురూ తెరకు కళ్లప్పగించి కూర్చున్నారు. అక్కడ మబ్బు పట్టిందని, కాసేపు ఆగమని కబురు వచ్చింది. అరగంటలో పన్నెండు నిమిషాలు అలా హరించుకుపోయాయి. మబ్బులకు ఆ దేశంలోనూ మనమే దొరికామా అని ఇల్లాలు గొణిగింది. పదమూడో నిమిషంలో మబ్బు విడిచింది. మరికాసేపటికి ఫొటో దిగింది.

నల్లటి తెర మీద మూలకొకటిగా రెండు చుక్కలు కొట్టొచ్చినట్టు కనబడ్డాయి. ఒకటి నిండుగా, ఒకటి కొద్దిగా. కోడలు పటాన్ని చూసింది, తెరను చూసింది, మళ్లీ పటాన్ని చూసింది. ఆమె గొంతు తగ్గింది.

"మామయ్యా... మీ చుక్క పై కుడి మూలనే ఉంది. ఎప్పటిలాగే వెలుగుతోంది. కింద పోలిక చుక్కే దానికంటే తక్కువగా ఉంది."

చుక్కలాయన తెర మీది నుంచి చూపు తిప్పుకున్నాడు. నక్షత్రం మసకబారలేదు. మసకబారింది తన కన్ను. ముప్ఫై ఒక్క ఏళ్ల అంకెలన్నీ కళ్లముందు వరుసగా నిలబడి, ఒక్కొక్కటీ తన పక్కన ఒక ప్రశ్నార్థకాన్ని తగిలించుకుంటున్నట్టు అనిపించింది. ఇల్లాలు వెనక నుంచి భుజం మీద చెయ్యి వేసింది.

"ఆ అంకె కొట్టేయమని సంఘం ఆవిడకు రాయమ్మా" అన్నాడు నెమ్మదిగా.

కోడలు తల ఊపింది. సెలవు తీసుకునేవాడిలా ఆయన తెర దగ్గరికి వంగి, ముక్కు ఆనేంత దగ్గరగా చూశాడు. ఆయన వేలు మెల్లగా కింది ఎడమ మూలకు, ఆ మసక చుక్క మీదికి పోయింది.

"మరి కామా దీని కాళ్ల దగ్గరుందేం?"

"కామా ఏది మామయ్యా? నాకు కనబడటం లేదే."

"ఇదిగో, నాలుగు నలుసులు."

"అది పైన కదా ఉంది, చుక్క నెత్తిమీద. తోక కూడా పైకి లేచింది. పటంలో కామా చుక్కకు కింద ఉంది."

నెత్తి ఏది, పాదమేది? చుక్కలాయన పటాన్ని చూశాడు. తెరను చూశాడు. ఆయన కంటికి రెండూ నిటారుగానే ఉన్నాయి. సీసపు అక్షరాలు కూర్చేవాడి చేతిలోని పట్టెలో అవి తల కిందికి పెట్టి నిలబడతాయి. వాటిని అలాగే చదివీ చదివీ, తలకిందులన్నది ఒకటుందన్న స్పృహే ఆ కంటికి పోయింది. లోకమంతా తికమకపడే చోట ఆయనకు అడ్డమే తగల్లేదు.

"తలకిందులుగా వచ్చిందమ్మా ఇది. నాకు తెలియనే లేదు" అంటూ ఆయన ల్యాప్‌టాప్‌ను తెర పూర్తిగా వెనక్కి వాల్చి, రెండు చేతులా ఎత్తి, బిగించిన పుటను తిప్పినట్టు రాతి బల్ల మీద గిరుక్కున తిప్పేశాడు. ఇల్లాలు తీగ తెగుతుందని గబుక్కున పట్టుకుంది. కోడలు పటాన్ని దాని పక్కకు జరిపింది. చుక్క పక్కన చుక్క, కామా పక్కన కామా, అన్నీ అచ్చుగుద్దినట్టు కుదిరాయి. నిండుగా వెలిగేది పోలిక చుక్క. మసకబారి, కామా మీద నిలబడి ఉన్నది ఆయన నక్షత్రం.

కోడలు వేధశాల వాళ్లకు రాసి అడిగింది. వాళ్ల జవాబు రెండు ముక్కల్లో తేలిపోయింది. మబ్బు కోసం ఆగినంతలో ఆ నక్షత్రం నడినెత్తి దాటిందట. దాటాక యంత్రం గొట్టాన్ని అవతలి వైపుకు తిప్పుకుంటుందట. అప్పటినుంచి ఫొటోలు తలకిందులుగానే వస్తాయట. అది అందరికీ తెలిసిందేనని వాళ్లు చెప్పలేదట. నట్టనడిమికి గురిపెట్టడం వల్ల రెండు చుక్కలూ ఒకదాని చోట ఒకటి సరిగ్గా కూర్చున్నాయి. అంచులు ఓ వేలెడు హెచ్చుతగ్గులుగా ఉన్నా ఎవరైనా ఇట్టే కనిపెట్టేవారు.

"ఎడమేదో కుడేదో తెలిసేలా పక్కన సీసం అక్షరం పెట్టకుండా మేం ఒక్క ఎక్స్‌రే తీయం. అంత పెద్ద అద్దం పెట్టుకుని వీళ్లు ఒక్క గుర్తు పెట్టలేదు చూడండి" అంది కోడలు.

"సీసం అక్షరాలకేం లోటు? మన దగ్గర అరల నిండా ఉన్నాయి, పంపిద్దాం" అన్నాడు చుక్కలాయన. పదకొండు రోజుల తరవాత ఆయన నోట వచ్చిన మొదటి పరిహాసం అది. ఇల్లాలు కొంగుతో కళ్లు ఒత్తుకొని, ఆకలేస్తోందా అని అడిగింది. వేస్తోందన్నాడు.

కోడలు సంఘానికి పంపిన ఫొటోకు సాయంత్రానికి కార్యదర్శిని నుంచి జవాబు వచ్చింది. యంత్రం కట్టిన వెలుగు ఆయన రాసిన దానికంటే మరి కాస్త తక్కువగా ఉందనీ, నక్షత్రం ఇంకా దిగుతోందనడానికి అదే సాక్ష్యమనీ, ప్రశ్నార్థకం తీసివేశామనీ, మొట్టమొదట చూసినవారిగా ఆయన్నే నమోదు చేశామనీ అందులో ఉంది. చుక్కలాయన ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. పాత కన్ను చెప్పిన మాటకు పెద్ద అద్దం సాక్షిగా నిలిచింది. ఇక కొత్త కన్ను ఏం చెప్పినా దానితో సరిపోల్చుకోవచ్చు.

"ఆపరేషనుకు ఒక రోజు ఖాయం చేయమని కంటి డాక్టరును అడుగమ్మా" అన్నాడు కోడలితో.

ఇల్లాలు వినీ విననట్టుగా, "కొత్త కన్ను వచ్చాక ముందు నన్ను చూడండి. దాన్ని తరవాత చూడొచ్చు" అంది.

"నిన్ను తలకిందులుగా చూసినా గుర్తుపడతాను."

"అలాగే చూస్తున్నారేమో ఇన్నాళ్లూ" అంటూ ఆవిడ వడ్డించడానికి లేచింది.