చెంచురామయ్య తోడేసిన అన్నం

చెంచురామయ్యకు తన కుడిచేతి మీదున్న నమ్మకం దేవుడి మీద కూడా లేదు. సత్తెనపల్లిలో ఓ పిల్లల హాస్టల్‌కు వంటవాడతను. రాత్రి మిగిలిన అన్నంలో గోరువెచ్చని పాలు పోసి, తోడు వేసి, మోచేతిదాకా చెయ్యి ముంచి కలిపేవాడు. మధ్యలో వేళ్లు నాకి ఉప్పు చూసి, మళ్లీ అదే చెయ్యి గంగాళంలో పెట్టేవాడు. తెల్లారి పిల్లలు ఎగబడి తింటుంటే, "గరిటెతో కలిపితే ఈ రుచి వస్తుందటరా?" అని మీసం దువ్వుకునేవాడు.

1961 వేసవిలో అతనికి గొంతు పట్టేసింది. గుటక పడటం లేదు, ఒళ్లు కాలిపోతోంది. అయినా తను కలపకపోతే హాస్టల్ ఏమైపోతుందోనని కలిపాడు, మహానుభావుడు!

రెండు మూడు రోజుల్లో హాస్టల్‌లో సగం మంది జ్వరంతో, మింగుడుపడని గొంతులతో మంచమెక్కారు. "ఏం పెట్టావయ్యా?" అన్నారు వార్డెన్‌గారు.

"నాదేముందండీ! అంతా మాబూబీ దంచిన కారమండీ" అనేశాడు.

మాబూబీకి భర్త లేడు. హాస్టల్‌కు కారం దంచితేనే ఇంట్లో పొయ్యి వెలిగేది. ఆ సాయంత్రమే ఆమెను రావద్దన్నారు. రోకలి భుజానేసుకుని, చెంచురామయ్యను ఒక చూపు చూసి వెళ్లిపోయింది.

మర్నాడు డాక్టరు వచ్చి, ఎవరేం తిన్నారో, ఏది ఎలా కలిపారో అడిగాడు. పెరుగు గిట్టని పిచ్చయ్య అనే కుర్రాడు మాత్రం, రోజూ అందరికంటే ఎక్కువ కారం తినేవాడైనా, దుక్కలా తిరుగుతున్నాడు. డాక్టరు వంటవాడివైపు తిరిగాడు.

"నువ్వు నోరు తెరువు. అబ్బో, అందరికంటే నీ గొంతే ఎర్రగా ఉందయ్యా! నీ నోట్లోది చేతికంటింది, చేతిది పాలల్లో దిగింది. రాత్రంతా వెచ్చగా పెరిగింది. తగ్గిందాకా వంటింటి గడప తొక్కకు."

ఓరి నా మొహం మండ! అనుకున్నాడు చెంచురామయ్య. పాలతోపాటు పిల్లల గొంతులకూ తోడేశాను. సిగ్గుతో చచ్చినంత పనైంది. తిన్నగా మాబూబీ ఇంటికి నడిచాడు.

"తప్పు నాదేనమ్మా. వార్డెన్‌గారితో చెబుతాను, మళ్లీ రా."

"నన్ను పిల్లలందరి ముందూ పొమ్మన్నారు అన్నా. ఆ పిల్లల ముందే చెప్పు."

చెప్పాడు. వరండా కింద దూరంగా నిలబడి, బొంగురు గొంతుతో, "ఒరేయ్, మిమ్మల్ని పడగొట్టింది మాబూబీ కారం కాదురా, నా నాలుక!" అన్నాడు. మంచాల మీంచే పిల్లలు పగలబడి నవ్వారు.

గొంతు తగ్గి వంటింట్లోకి వచ్చిన రోజున మాబూబీ కారం డబ్బా దించి, గోడకున్న పెద్ద గరిటె తీసి అతని చేతిలో పెట్టింది. మీసం మీదికి లేచిన చేతిని చెంచురామయ్య సగంలోనే దించేసి, చెంబందుకుని కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాడు.