అమ్మ మూసేసిన కిటికీలు

ఇవాళ క్లాజెట్ సర్దుతుంటే నా చిన్నప్పటి లినెన్ గుడ్డ దొరికింది. ఎయిటీస్‌లో ఇక్కడ పెరిగినవాళ్లకి గుర్తుందా? మన ఇళ్లలో చిరిగిన బట్ట ఒక్కటీ చెత్తలోకి వెళ్లేది కాదు.

న్యూజెర్సీలో మా పక్కింటి ఇటాలియన్ ఆంటీ నాకు వాళ్ల ఊరి కుట్టు నేర్పేది. ముందు గుడ్డ అంచున అడ్డపోగులు లాగేయాలి. మిగిలిన నిలువుపోగుల్ని లెక్కపెట్టి చిన్న చిన్న కట్టలుగా బిగిస్తే, మధ్యలో వరసగా కిటికీలు తెరుచుకుంటాయి. వారమంతా కూర్చుని ఒక అంచు పోగులు లాగి, గుడ్డని సోఫా మీద వదిలి స్కూల్‌కి వెళ్లాను.

వచ్చేసరికి ఆ అంచు మామూలు గుడ్డలా ఉంది.

"ఎక్కడ తగిలించావే, పోగులన్నీ పోయాయి! ఎలాగో కొత్త పోగులు అల్లి రఫూ చేసేశాలే," అంది అమ్మ.

ఏడుస్తూ ఆంటీ దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ కుట్టు జాడ వెతుకుతూ గుడ్డని కిటికీ వెలుతురులో తిప్పి తిప్పి చూసింది.

"యువర్ మామా డిడ్ దిస్?"

అమ్మ కుట్టు విప్పడానికి నేను తీసిన కత్తెర లాక్కుని, రెండో అంచున మళ్లీ మొదలుపెట్టించింది.

ఇప్పుడు చూస్తే ఆ రెండో అంచున నా కిటికీలు సగం తెగిపోయి వేలాడుతున్నాయి. అమ్మ కుట్టిన వైపు ఒక్క పోగు కదల్లేదు.