నీ గంగాళం ఏదీ?

పోయిన వారం వాకిట్లో కాలు మడతపడితే, మా కోడలు శారద ప్లాస్టిక్ టబ్బులో వేడినీళ్ళు పోసి, మందుల షాపు నుంచి తెచ్చిన ఎప్సం సాల్టు గుప్పెడు కలిపి నా ముందు పెట్టింది. పాదం ముంచబోయే ముందు వేలు తడిచేసి నాలుకకు రాసుకున్నాను. "కాలికండీ అవి, మావయ్యగారూ" అంది శారద. రసాయనాల మధ్య బతికినవాడికి ఈ రుచి చూసే పాడలవాటు ఒక పట్టాన పోదు. ముందు ఉప్పగా తగిలి, వెనకనుంచి తీరిగ్గా వచ్చే ఆ చేదు నాకు బాగా తెలుసు. దాంతోపాటే బందరులో మా కాలేజీ వెనక పెరడు, అందులో మా ఇంటి ఇత్తడి గంగాళం, దాని పక్కన పంచె ఎగ్గట్టి నిలబడ్డ సీతాపతి మాస్టారు కళ్ళముందుకు వచ్చారు. నేను జీవితమంతా కెమికల్ ఇంజనీరింగ్ చదివాను, చెప్పాను, కుర్రాళ్ళ చేత పరిశోధనలు చేయించాను. ఆ చదువు పేరైనా మా వైపు ఎవరూ వినని రోజుల్లో దాని మొదటి పాఠం నాకు చెప్పింది ఆయనే. అదీ, ఒక ప్రయోగాన్ని నిలువునా చెడగొట్టి చెప్పారు.

ఆయనది దివిసీమలో అవనిగడ్డ దగ్గర పల్లె. కృష్ణ దాటి పడవలో వచ్చి బందరులో చదువుకుని, అక్కడే కెమిస్ట్రీ లెక్చరరుగా నిలిచిపోయారు. కండువా నిండా యాసిడ్ చిల్లులు ఉండేవి. ప్రయోగశాలలో తొట్టి పక్కన నిలబడి, "పారబోసే ముందు అందులో ఏముందో చెప్పి పారబొయ్యండిరా" అనేవారు. చెప్పలేనివాడు ఆ గ్లాసు పట్టుకుని అలా నిలబడాల్సిందే. మాస్టారింట్లో కుడితిని కూడా పరీక్ష చేసిగాని గేదెకు పెట్టనివ్వరని మేం చాటున నవ్వుకునేవాళ్ళం. ఆ మాట ఆయన చెవిన పడింది. "పెట్టనివ్వను. గేదె కూడా మీకంటే శ్రద్ధగా వింటుంది" అన్నారు, నవ్వకుండా.

రెండో ప్రపంచ యుద్ధం రోజులు. ఓడలు రాక ఆస్పత్రికి మామూలు మందులు కూడా కరువయ్యాయి. విరేచనాలకిచ్చే ఎప్సం ఉప్పూ అందులో ఒకటి. ఒక ఆదివారం మాస్టారు మమ్మల్ని ఉప్పు మళ్ళకు తీసుకెళ్ళారు. ఉప్పు పేరుకున్నాక మడిలో మిగిలిన చేదు నీటిని అక్కడివాళ్ళు గట్టు తెంచి వదిలేస్తున్నారు. "చూశారా, మందును కాలవలోకి పంపిస్తున్నారు" అని, ఆ నీళ్ళు కుండల్లో పట్టించి బండిమీద కాలేజీకి చేర్చారు. బీకరులో కాచి, వేడిగా ఉండగానే అడుగున చేరిన మామూలు ఉప్పును వడకట్టి, మిగిలినదాన్ని చల్లారనిచ్చారు. కాసేపటికి గాజు గోడలమ్మట తెల్లని సూదులు మొలిచాయి. నా వయసు వాళ్ళు నాటకాల పిచ్చిలో ఉంటే, నేను ఆ సూదుల పిచ్చిలో పడ్డాను.

మా నాన్నగారికి ఈ పిచ్చి నచ్చలేదు. ఆయన జిల్లా కోర్టులో గుమాస్తా. నా బి.ఎస్సీ. ఇంకా పూర్తి కాకముందే, గుడివాడ మునసబు కోర్టులో కాపీలు రాసే ఉద్యోగం నాకోసం మాట్లాడి పెట్టారు. నేను చేరతానో లేదో సోమవారానికల్లా చెప్పాలి. ఆ సంగతి తెలిసి మాస్టారు మా ఇంటికొచ్చి అరుగుమీద కూర్చున్నారు.

"విరేచనాల మందు చెయ్యడానికా మాస్టారూ, డిగ్రీ మీద ఇంకో డిగ్రీ?" అన్నారు నాన్నగారు.

"ఇవాళ మందండీ. రేపు సబ్బు, పంచదార, ఎరువు. గ్లాసులో చేసినదాన్ని ఊరికి సరిపడా చెయ్యడం ఒక విద్య. యూనివర్సిటీలో ఇప్పుడు దానికి చదువు పెట్టారు. మీవాడికి ఆ చూపుంది."

"చూపుంటే చాలదుగా. కూడూ ఉండాలి."

మాస్టారు కండువా దులుపుకుని లేచారు. "శనివారం ఆస్పత్రి డాక్టరుగారు కాలేజీకి వస్తున్నారు. మీరూ రండి. బీకరులో కాదు, పెద్ద గిన్నెలో చేసి చూపిస్తాను. చూశాక కూడా మీకు నచ్చకపోతే, మీవాణ్ణి గుడివాడ రైలు నేనే ఎక్కిస్తాను" అన్నారు. నా బతుకు ఆ గిన్నెలో పడిందని నాకు అప్పుడే అర్థమైంది.

అంత పెద్ద గిన్నె కాలేజీలో ఎక్కడిది? మా ఇంట్లో అమ్మ పుట్టింటినుంచి తెచ్చుకున్న గంగాళం ఉంది. మా వీధిలో ఎవరింట పెళ్ళయినా దానికి పిలుపు రావాల్సిందే. తెల్లవారుజామున కాచిపెడితే, ఆఖరి చుట్టం స్నానం చేసేదాకా అందులో నీళ్ళు సెగలు కక్కేవి. అమ్మ ఆ గొప్ప పదిసార్లు చెప్పి, "ఉప్పు పడితే ఇత్తడి పాడవుతుంది, తోమి పంపండి నాయనా" అని అప్పగించింది. ఆ గొప్ప అంతా విని కూడా గురుశిష్యులిద్దరం దాన్నే బండికెత్తించాం.

శుక్రవారమంతా పెరట్లో సరుగుడు కట్టెలు పెట్టి కాచాం. అడుగున చేరిన ఉప్పు తోడేశాం. సాయంత్రం నిప్పు లాగేసి, దుమ్ము పడకుండా పైన పంచె కప్పి వెళ్ళాం. మర్నాడు పొద్దున ప్రిన్సిపాలుగారు, డాక్టరుగారు, గొడుగు ఒళ్ళో పెట్టుకుని నాన్నగారు బెంచీమీద కూర్చున్నారు. మాస్టారు పంచె తీసి, గరిటె అడుగుదాకా పోనిచ్చి పైకెత్తారు. ఒట్టి నీళ్ళు. మళ్ళీ ముంచారు. మళ్ళీ నీళ్ళే. నేను గంగాళంమీద చెయ్యి వేశాను. తలంటుకు సరిపోయేంత వెచ్చగా ఉంది. డాక్టరుగారు గడియారం చూసుకున్నారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

మాస్టారు గరిటె కింద పెట్టారు. ముఖం ఎర్రబడింది గాని గొంతు మారలేదు. "రాలేదండీ. బీకరులో వచ్చింది, ఇందులో రాలేదు. ఎందుకో నాకిప్పుడు తెలీదు. తప్పు నాదే. సాయంత్రం రండి. అప్పటికీ తెలీకపోతే రేపు రండి" అన్నారు.

నాన్నగారు లేచారు. ఎవరో తమ ఇంటి గంగాళాన్ని తప్పు పట్టినట్టు ఆయనకు రోషం వచ్చింది. "మా గంగాళాన్ని మాత్రం ఏమీ అనకండి మాస్టారూ. నీళ్ళు చల్లారనివ్వకపోవడమే దాని గొప్ప" అని, గొడుగు తీసుకుని ఆఫీసుకు వెళ్ళిపోయారు.

మాస్టారు ఆయన వెళ్ళినవైపే చూస్తూ ఉండిపోయారు. ఉన్నట్టుండి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. "విన్నావుట్రా సూర్యం? కాచడం గురించే ఆలోచించాం గాని, చల్లార్చడం సంగతి మనకు తట్టలేదు. బీకరు చిన్నది, చుట్టూ గాలి తగుల్తుంది. ఇంత గంగాళం నడిమధ్యనున్న వేడి ఏ దారిన బయటికి పోతుంది? నేను చూపిస్తానన్న విద్య ఇదేరా. నాకే రాలేదు." వెంటనే హాస్టలుకు పరుగెత్తించి వెడల్పాటి ఇత్తడి పళ్ళేలన్నీ తెప్పించారు. తడి ఇసుకమీద వరసగా పరిచి, గంగాళంలోది వాటిలో పలచగా పోశాం. మాఘమాసం. సముద్రంమీది గాలి చల్లగా వీస్తోంది. ఆయన భోజనానికి వెళ్ళలేదు. నేనూ వెళ్ళలేదు. పళ్ళేల పక్కన గొంతుక్కూర్చున్న ఆ మనిషిని చూస్తుంటే నాకు కొండంత ప్రేమ పుట్టింది.

సాయంత్రం నాన్నగారు ఆఫీసునుంచి తిన్నగా అక్కడికే వచ్చారు. అప్పటికి ప్రతి పళ్ళెం అడుగునా తెల్లని సూదులు అల్లుకుని ఉన్నాయి. ఆయన ఒకటి తీసి నోట్లో వేసుకుని, ఆముదం తాగినట్టు ముఖం పెట్టారు. మాస్టారికి నమస్కారం చేసి, నన్ను వెంటబెట్టుకుని బయల్దేరారు. సగం దారిలో, నావైపు చూడకుండా అన్నారు: "ఇన్నేళ్ళుగా కోర్టులో ఉన్నానురా. పదిమందిలో నిలబడి తప్పు నాదే అన్న పెద్దమనిషిని ఇవాళే చూశాను. గుడివాడ వాళ్ళకు మావాడు రాడని చెప్పేస్తాలే. ఆయన ఎక్కడ చదవమంటే అక్కడ చదువు."

గంగాళం ఇంటికి చేరాక చూస్తే, లోపల చుట్టూ తెల్లగా ఒక గీత పడి ఉంది. అమ్మ చింతపండు, బూడిద పెట్టి ఎంత తోమినా పోలేదు. మాస్టారు స్వయంగా వచ్చి, "మీ పుట్టింటి సొమ్ము పాడుచేశానమ్మా" అని చేతులు జోడిస్తే, అమ్మ పాపం ఏమీ అనలేక కాఫీ ఇచ్చింది. తర్వాత నేను సెలవులకు ఇంటికి వచ్చినప్పుడల్లా నాన్నగారు మార్కులు అడిగేవారు కాదు. "ఈసారి ఏం చెడింది?" అని అడిగేవారు. చెప్తే శ్రద్ధగా వినేవారు.

నా మొదటి పరిశోధన వ్యాసం అచ్చయ్యాక మాస్టారికి చూపించడానికి బందరు వెళ్ళాను. కళ్ళజోడు పైకి తోసుకుని అంతా చదివారు. మెచ్చుకుంటారని ఎదురుచూస్తున్నాను. "బావుందిరా. అన్నీ వచ్చినవే రాశావు. నీ గంగాళం ఏదీ?" అన్నారు. తలదించుకున్నాను. చెడిన పనే మూడు నెలలది ఉంది. ఒక్క ముక్కా రాయలేదు. "అది రాయకపోతే నీ తర్వాతివాడు మళ్ళీ అదే గంగాళం మోసుకొస్తాడు" అని, నా భుజంమీద చెయ్యి వేశారు. నేను ఆయన్ను చూడటం అదే ఆఖరు. ఆయన పోయారన్న కబురు అందేసరికి నేను దూరాన ఉన్నాను. వెళ్ళలేకపోయిన బాధ ఇప్పటికీ తగ్గలేదు.

నా దగ్గర పరిశోధన చేసిన ప్రతివాడినీ నేను అదే అడిగాను. చెడినదానికి ఒక అధ్యాయం లేకుండా ఎవరి థీసిస్‌మీదా సంతకం పెట్టలేదు. ఇప్పుడు వాళ్ళూ తమ పిల్లల్ని అడుగుతున్నారట, గంగాళం ఏదీ అని. ఎవరి గంగాళమో ఆ పిల్లలకు తెలియదు. తెలియాలనే ఇదంతా రాశాను.

టబ్బులో నీళ్ళు చూస్తుండగానే చల్లారిపోయాయి. "పెరట్లో గంగాళం ఉందిగా శారదా, రేపటినుంచి అందులో పొయ్యమ్మా" అన్నాను. మర్నాడు తను గొణుక్కుంటూనే దాన్ని దొర్లించుకొచ్చి సగందాకా వేడినీళ్ళు పోసింది. కాలు లోపల పెట్టి, చెయ్యి ఆ తెల్లగీతమీద వేసి కూర్చున్నాను. చాలాసేపటిదాకా నీళ్ళు వెచ్చగానే ఉన్నాయి.